శుక్రవారం విమానం

"విశాఖ మత్స్యకారుడు ఇంతవరకూ సముద్రాన్ని కిందనుంచే చూశాడు. ఇకమీదట పైనుంచి చూస్తాడు!"

మత్స్యశాఖామాత్యులు శ్రీ భీమశంకరరావుగారు ఫిషింగ్ హార్బర్‌లో ఈ మాట ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. సముద్రాన్ని కిందనుంచి చూసేవాళ్లు మునిగిపోయినవాళ్లే కదా అని అక్కడ ఎవరికీ తట్టలేదు. మంత్రిగారి ప్రసంగాల గొప్పతనమే అది. ఇంటికెళ్లి భోజనం చేసి చెయ్యి కడుక్కునేదాకా ఎవరికీ సందేహం రాదు.

నేను ఒక దినపత్రికలో 'నగరంలో నేడు' శీర్షిక రాస్తాను. ఎవరు వస్తున్నారు, ఎక్కడ దిగుతున్నారు, ఏ హాల్లో మాట్లాడుతున్నారు, ఇంతే. ఎందుకు మాట్లాడుతున్నారన్నది నా శీర్షిక పరిధిలోకి రాదు. మంత్రిగారికి నేనంటే అందుకే అభిమానం. "నీ రాతలో ఎక్కడా అభిప్రాయం అనేది కనపడదోయ్! ఎలా సాధించావు?" అని భుజం తట్టేవారు.

ఆ ప్రకటన పేరు గగన మత్స్య పథకం. ప్రతి ఏడాదీ ఒక మత్స్యకారుణ్ణి మంత్రిగారు తనతో విమానంలో హైదరాబాదు తీసుకెళ్తారు. అక్కడ సభలో అతను లేచి నిలబడి మంత్రిగారికి కృతజ్ఞతలు చెప్పి కూర్చుంటాడు. ఆ ఏడాది, అంటే తొంభై ఎనిమిదిలో, దసరా వెళ్లిన వారం శుక్రవారం సభ. మొదటి లబ్ధిదారుడిగా పైడయ్యను ఎంపిక చేశారు. ఎంపిక చాలా శాస్త్రీయంగా జరిగింది. హార్బర్‌లో నోరున్నవాళ్లందరినీ తీసేస్తే పైడయ్య మిగిలాడు.

ఇక్కడ మంత్రిగారి గురించి ఒక విశేషం చెప్పాలి. ఆయన వారం, దిక్కు చూసుకోకుండా గడప దాటరు. శుక్రవారం పడమర శూల, అంటే ఆ రోజు పడమరకి ప్రయాణం చెడ్డది. మరి ప్రజాసేవ అన్నాక శుక్రవారం కూడా గాజువాక వెళ్లాల్సి వస్తుంది. దీనికి ఆయన సిద్ధాంతిగారు ఒక ఉపాయం చెప్పారు. కారు ముందు తూర్పుకి బయలుదేరి బీచి దాకా వస్తుంది. ఇసుక అంచున సముద్రానికి ఎదురుగా కాసేపు నిలబడుతుంది. ప్రయాణం తూర్పుకే అనుకుని శూల శాంతించాక, వెనక్కి తిప్పుకుని పడమరకి పోతుంది. బీచిలో చేపల గంపలు పెట్టుకుని కూచునే ఆడవాళ్లకి ఇది వారం వారం అలవాటే. మంత్రిగారి కారు కనపడగానే గంపలు పక్కకి జరుపుకునేవారు. పైడయ్య భార్య కాసులమ్మ గంప కూడా అక్కడే ఉండేది.

ఎటు పోవాలన్నా ముందు ఇంకోవైపు పోయి తిరిగొస్తాడని, పార్టీలు మారినప్పుడు కూడా ఇంతేనని ప్రత్యర్థులు అనేవారు. గిట్టనివాళ్లు ఏమైనా అంటారు.

*

శుక్రవారం పొద్దున్న విమానాశ్రయంలో పైడయ్య ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి నిలబడ్డాడు. పక్కన కాసులమ్మ. ఆమె చేతిలో పాలిథిన్ కవరు చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించిన పొట్లం ఒకటి ఉంది.

"అదేమిటమ్మా?" అన్నాడు మంత్రిగారి పి.ఏ. త్రినాథరావు.

"రేడియో బాబూ. ఇది నేకండా మా మావని సముద్రం మీదికి ఒగ్గను."

"విమానం సముద్రం మీదికెందుకు పోతుంది? హైదరాబాదు పోతుంది."

"ఏటో బాబూ, ఎటు పోతాదో ఎవులికి తెలుసు. ఓ మూల ఉండనీండి."

ఆమె మొండితనానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట కాసులమ్మ తమ్ముడు రేడియో లేని బోటు మీద వేటకి వెళ్లాడు. తుపాను వస్తోందని ఊరంతా విన్నారు, వాళ్లు తప్ప. తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆమె ఈ రేడియో కొని మొగుడి చేతిలో పెట్టింది. వాతావరణం వార్త వినకుండా పైడయ్య బోటు తాడు విప్పడు. విమానమైనా సరే, కాసులమ్మ లెక్కలో అది ఒడ్డు వదిలి వెళ్లేదే.

గోస్తనీ ఎయిర్ ట్యాక్సీ వారి విమానం చిన్నది. మన సిటీ బస్సుకి రెక్కలు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పైలట్ కూచునే చోటుకీ మనకీ మధ్య ఒక కర్టెనే అడ్డం. మంత్రిగారు, త్రినాథరావు, సిద్ధాంతిగారు, అనుచరులు, నేను, పైడయ్య ఎక్కాం. అనుచరుల దగ్గర లేని వస్తువు లేదు. ఒకడి నడుముకి పేజర్, ఒకడి చెవుల్లో వాక్‌మన్, ఒకడి ఒళ్లో లాప్‌టాప్. మంత్రిగారి చేతిలో సెల్‌ఫోను సరేసరి. పైడయ్య ఒళ్లో పొట్లం.

తలుపు వేశాక సిద్ధాంతిగారు మంత్రిగారి చెవి దగ్గరికి వంగారు.

"ఇవాళ శుక్రవారం కదా" అన్నారు.

మంత్రిగారు గంభీరంగా తలూపారు. సిద్ధాంతిగారు కొబ్బరికాయ పట్టుకుని, కేప్టెన్ ఫ్రాన్సిస్‌ని ఆశీర్వదించడానికి కర్టెన్ వెనక్కి వెళ్లారు. "సర్, కానీ హైదరాబాదు అటు..." అని కేప్టెన్ గొంతు వినిపించింది. తర్వాత సిద్ధాంతిగారి గొంతు. తర్వాత, "మా ఓనర్‌తో ఒక్కసారి..." అని మళ్లీ కేప్టెన్ గొంతు. చివరికి "సరే సర్" వినిపించింది. ఆశీర్వచనాలు కొంచెం దీర్ఘంగా సాగాయి. మరి గోస్తనీ వారి పర్మిట్ రెన్యువల్ మంత్రిగారి బావమరిది చూస్తున్నాడు.

విమానం లేచింది. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకపడింది. ఓడలు వెనకపడ్డాయి. తర్వాత నీళ్లు, ఆ తర్వాత కూడా నీళ్లే. పైడయ్య కిటికీకి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. చివరికి నోరు తెరిచాడు.

"బాబూ, ఇది మా ఏట సోటు. ఇక్కడ వంజరాలు పడతాయి. ఐద్రాబాదు ఇటేనేటి?"

"విమానాలకి వేరే దారులుంటాయి పైడయ్యా" అన్నాను. నాకూ అది మొదటి ప్రయాణమే. అయినా చదువుకున్నవాణ్ణి కదా, ఏదో ఒకటి చెప్పాలి.

అంతలో కర్టెన్ వెనకాల వైర్‌లెస్‌లో ఎవరో ఇంగ్లీషులో కేకలు వేయడం మొదలుపెట్టారు. ఎవరు మీరు, ఎక్కడికి పోతున్నారు, ఎవరి కోసం పోతున్నారు అని అడుగుతున్నారు. మంత్రిగారిని ఇంత సూటిగా ప్రశ్నించినవాళ్లు ఆయన రాజకీయ జీవితంలో ఎవరూ లేరు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి విశాఖ మీది ఆకాశం మామూలు ఆకాశం కాదు. చెప్పాపెట్టకుండా ఎవరు పడితే వారు అటు తిరగడానికి వీల్లేదు. మర్యాదగా వెనక్కి వచ్చి దిగమన్నారు. దిగాం. ఎక్కడ ఎక్కామో అక్కడే.

హైదరాబాదులో సభ మంత్రిగారు లేకుండానే జరిగిపోయింది. కృతజ్ఞతలు వేరే శాఖ మంత్రికి వేరే ఎవరో చెప్పుకున్నారు.

*

దిగేసరికి విలేకరులు గుమిగూడి ఉన్నారు.

"సార్, హైదరాబాదు విమానం సముద్రం మీదికి ఎందుకెళ్లింది?"

మంత్రిగారు సిద్ధాంతిగారి వైపు చూశారు. సిద్ధాంతిగారు ఆకాశం వైపు చూశారు. కేప్టెన్ ఫ్రాన్సిస్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. అప్పుడు త్రినాథరావు తన సర్వీసు మొత్తానికి సరిపడే పని ఒకటి చేశాడు. మంత్రిగారి చెవిలో ఇలా చెప్పాడు:

"సార్, సీటు సంచిలో ఇంగ్లీషు పత్రిక చదివాను. ప్రయాణికుల దగ్గరుండే ఎలక్ట్రానిక్ వస్తువుల వల్ల విమానంలో దిక్కులు చూపించే పరికరాలు తికమకపడొచ్చని పై దేశాల్లో అనుమానం ఉందట."

"అనుమానమేనా? రుజువు లేదా?"

"పూర్తిగా రుజువు కాలేదట సార్."

"అయితే మనమే చేద్దాం" అని మంత్రిగారు మైకుల వైపు తిరిగారు.

ప్రయాణికుల్లో ఒకరి దగ్గర ఒక ఎలక్ట్రానిక్ పరికరం ఉందనీ, అది విమానాన్ని తనకి అలవాటైన సముద్రం వైపు లాక్కుపోయిందనీ, ఇది ప్రపంచంలోనే విలువైన పరిశోధన అనీ ఆయన వెల్లడించారు. అందరి చూపూ పైడయ్య చేతిలోని పొట్లం మీద పడింది. పైడయ్య తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

"మీ దగ్గర సెల్‌ఫోను ఉందిగా సార్?" అన్నాడో కుర్ర విలేకరి.

"ఇది ప్రభుత్వానిది. ప్రభుత్వ వస్తువు ప్రభుత్వాన్ని దారి తప్పించదు."

ఆ కుర్రవాడికి మర్నాటినుంచి క్రీడావార్తలు అప్పగించారు.

పైడయ్య చేతిలోంచి రేడియో తీసుకోవడానికి ఇద్దరు పోలీసులు కావలసి వచ్చింది. అతను గొడవ పడలేదు. వదల్లేదంతే.

*

మంత్రిగారు విచారణ సంఘం వేశారు. అధ్యక్షులు రిటైర్డ్ అధికారి వీరేంద్రగారు. చెవికి మిషను పెట్టుకుంటారు గానీ చాలా సునిశితంగా వింటారు. అంతకుముందు హార్బర్‌లో ఈగల బెడద మీద విచారణ జరిపి, ఈగలు ఉన్నాయని నిర్ధారించింది ఆయనే.

రేడియోని ప్రభుత్వ అతిథి గృహంలో ఒక గదిలో మంచం మీద పెట్టి దోమతెర కట్టారు. ఇద్దరు కానిస్టేబుళ్లని కాపలా ఉంచారు. దాని ప్రభావం బయటికి రాకుండా పైన తడి గోనె కప్పారు. అందులో ఒక కానిస్టేబుల్ వాచీ వెనకపడుతోందని తేలింది. సంఘం దాన్ని మొదటి సాక్ష్యంగా స్వీకరించింది. ఆ వాచీ తన పెళ్లినాటి నుంచీ అలాగే నడుస్తోందని కానిస్టేబుల్ మనవి చేసుకున్నాడు. ఆ సంగతి విచారణ పరిధిలోకి రాదన్నారు.

తర్వాత ఉత్తర్వులు వచ్చాయి. విమానం పైనుంచి వెళ్తున్నప్పుడు కింద ఎవరూ రేడియో, టీవీ పెట్టకూడదు. విమానం ఎటు వెళ్తుందో ఇంకా తేలలేదు కాబట్టి ఉత్తర్వు జిల్లా మొత్తానికీ వర్తిస్తుంది. ఆనందపురం జంక్షన్‌లో కార్యకర్తలు ఆకాశంలో చప్పుడు వినపడగానే విజిల్ ఊదేవారు. వెంటనే టీ దుకాణాల్లో పాట ఆగిపోయేది. పద్మనాభంలో ఓ రైతు విమానం చప్పుడుకి భయపడి పొలంలో మోటారు కూడా ఆపేశాడని, అతన్ని శాలువా కప్పి సత్కరించారు. ఆ సత్కారం వార్త నేనే రాశాను.

ఇక హార్బర్‌లో కార్యకర్తలు బోటు బోటుకీ తిరిగి రేడియోలన్నీ పట్టుకొచ్చి అతిథి గృహంలో అదే గదిలో పేర్చారు. నేరం చేసినది ఒకటే గానీ మిగిలినవి దాని చుట్టాలే కదా అని త్రినాథరావు అన్నాడు.

అప్పటికి ఆకాశం రోజూ సాయంత్రానికి నల్లబడుతోంది. ఈ ఒడ్డు మీద అది తుపానుల కాలం. బోట్లు మాత్రం వెళ్తూనే ఉన్నాయి. వెళ్లకపోతే పొయ్యి వెలగదు. ఏ మబ్బు ఎటువంటిదో చెప్పే గొంతులన్నీ తడి గోనెల కింద ఉన్నాయి. ఒడ్డున నిలబడి, కనుచూపు దాటిపోతున్న మొగుడి బోటుని చూస్తూ కాసులమ్మ నాతో అంది:

"పేపరు బాబూ, రాయి. మా రేడియోలు మాకు ఇచ్చీమని రాయి. రేపేటయినా అయితే ఎవులు సెప్తారు ఆల్లకి?"

నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆ రాత్రి నా శీర్షికలో రాద్దామని కూచున్నాను. 'నగరంలో నేడు: ప్రభుత్వ అతిథి గృహంలో రేడియోల బస' అని రాయగలిగాను. అంతకుమించి రాయడానికి నా శీర్షికలో ఏర్పాటు లేదు. పెట్టుకుంటే ఉండేదేమో, నేనెప్పుడూ పెట్టుకోలేదు.

*

విచారణకి కాసులమ్మ పిలవకుండానే వచ్చింది. కొంగుముడి విప్పి టేబుల్ మీద రేడియో సెల్లులు పెట్టింది.

"ఇయ్యేటి?" అన్నారు అధ్యక్షులవారు, ఆమె భాషలోనే, ప్రజలకి దగ్గరవ్వాలని.

"సెల్లులు బాబూ. మీ ఇమానం ఎగిరిన్నాడు ఇయి మా ఇంటి పెంకుల మీద ఎండుతున్నాయి. నీరసపడిపోనాయని నానే తీసి ఎండేసినాను. కాత్త ఎండ తగిల్తే మల్లీ పాడతాయి కదా. తిరిగి డబ్బాలో ఎయ్యడం మర్సిపోనాను."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. వీరేంద్రగారు చెవి మిషను సరిచేసుకున్నారు.

"అంటే, ఆ రోజు రేడియోలో సెల్లులు లేవా?"

"నేవు బాబూ. ఒట్టి డబ్బా."

ఆయన కొంతసేపు ఆలోచించి త్రినాథరావు వైపు తిరిగారు. "నోట్ చేయండి. సెల్లులు లేకుండానే విమానాన్ని సముద్రంలోకి లాక్కుపోయింది. సెల్లులు కూడా ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించండి."

అందరూ ఊహించారు. కాపలాకి ఇంకో ఇద్దర్ని వేశారు.

"అంత బలముంటే దాన్ని మా బోటుకి కట్టీండి బాబూ" అంది కాసులమ్మ. "డీజిలు అక్కర్నేదు."

ఆమెను బయటికి పంపేశారు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ తడి గోనె తీసీండి బాబూ, దానికి జలుబు సేత్తాది" అంది.

చివరికి సంఘం ఒక నిర్ణయానికి వచ్చింది. ప్రయోగాత్మకంగా మళ్లీ విమానం ఎక్కాలి. అదే విమానం, అదే కేప్టెన్, అవే సీట్లు, అవే మనుషులు, అదే వారం. తేడా ఒక్కటే. ఎవరి దగ్గరా ఏ ఎలక్ట్రానిక్ వస్తువూ ఉండకూడదు. అప్పుడు విమానం తిన్నగా పడమరకి పోతే నేరం రేడియోదే. రేడియోలన్నీ సర్కారు పరం. అలా కాకుండా మళ్లీ తూర్పుకే పోతే రేడియో నిర్దోషి, ఎవరివి వాళ్లకి ఇచ్చెయ్యాలి. మంత్రిగారు సంతోషంగా సంతకం పెట్టారు. పెట్టిన తర్వాత చదివారు.

"అదే వారం అంటే?" అన్నారు.

"శుక్రవారం సార్. శాస్త్రీయంగా ఉంటుందని" అన్నాడు త్రినాథరావు.

ఆ రోజు అతిథి గృహం వరండాలో మంత్రిగారు చాలాసేపు పచార్లు చేశారు. తిన్నగా పోతే శూల. తూర్పుకి పోతే పరువు. ఒక ప్రజానాయకుణ్ణి ఇంత ఇరకాటంలో నేనెప్పుడూ చూడలేదు. సిద్ధాంతిగారు పంచాంగం మూసి చిరునవ్వు నవ్వారు.

"ప్రస్థానం పెట్టేద్దాం. మనం వెళ్లలేనప్పుడు మన వస్తువు ముందుగా బయలుదేరి వెళ్తే మనం వెళ్లినట్టే. తమరి చెప్పులు తెల్లవారేసరికి బీచిలో ఉండాలి, తూర్పు ముఖంగా. తమరు తూర్పుకి బయలుదేరినట్టే లెక్క. ఇక విమానం తిన్నగా పడమరకి పోవచ్చు. ఒక్కటే జాగ్రత్త. ప్రయాణం పూర్తయ్యేదాకా ఆ చెప్పులు తమర్ని చేరకూడదు. చేరితే మళ్లీ మొదటికొచ్చినట్టే."

"చెప్పులకి సెక్యూరిటీ పెట్టించనా సార్?" అన్నాడు త్రినాథరావు.

"వద్దు. పేపర్లో రాస్తారు" అన్నారు మంత్రిగారు.

నేను పక్కనే ఉన్నాను. నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఈ చెప్పుల సంగతి రాయడానికి నా శీర్షికలో చోటు లేదు గానీ, ఆ సాయంత్రం బీచిలో కాసులమ్మకి ఊసుపోక చెప్పాను.

*

శుక్రవారం విమానాశ్రయం తిరునాళ్లలా ఉంది. ఎక్కేముందు అందరి దగ్గరా పేజర్లు, వాక్‌మన్‌లు, కాలిక్యులేటర్లు, చేతి వాచీలు తీసేసుకున్నారు. సంఘం తరఫున చూడడానికి మాతో ఎక్కుతున్న వీరేంద్రగారు, నిష్పక్షపాతంగా ఉండాలని తన చెవి మిషను కూడా తీసి ఇచ్చేశారు. అక్కణ్ణుంచి ఎవరేం చెప్పినా ఆయన "అవశ్యం, అవశ్యం" అంటూ వచ్చారు.

మంత్రిగారు ఒట్టి కాళ్లతో వచ్చారు. విలేకరులు కారణం అడిగారు.

"నిజం తేలేదాకా చెప్పులు తొడగనని దీక్ష పట్టాను" అన్నారు.

జిందాబాద్‌లు మిన్నుముట్టాయి. భావోద్వేగంతో కొందరు కార్యకర్తలు తమ చెప్పులు కూడా విసిరేశారు. తర్వాత వెతుక్కున్నారు.

పైడయ్య తన సీట్లో కూచున్నాడు. ఈసారి ఒళ్లో ఏమీ లేదు. ఏం చెయ్యాలో తెలియనట్టు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ముందు రోజు హార్బర్‌లో వాళ్లంతా అతనికి ఒకటే చెప్పి పంపారట: కిటికీలోంచి చూడు, నీళ్లు కనపడితే మనం బతికినట్టే. అతను అప్పుడే కిటికీలోంచి చూస్తున్నాడు. ఇంకా విమానం నేల మీదే ఉంది.

తలుపు వేయబోతుంటే గోల వినిపించింది. నెత్తిమీద చేపల గంపతో, పోలీసులని తోసుకుంటూ కాసులమ్మ పరుగెత్తుకొస్తోంది. చేపల గంపకి దారివ్వనివాళ్లు ప్రపంచంలో లేరు. చేతిలో ఒక జత చెప్పులున్నాయి.

"మంత్రి బాబూ! మీ సెప్పులు బీచిలో ఒగ్గీసినారు! కుక్కలు ఎత్తుకుపోతాయని అట్టుకొచ్చినాను!"

"నావి కావు" అన్నారు మంత్రిగారు, మెట్ల పైనుంచి.

"మీయే బాబూ. మీ కారు ఆగే సోటునే ఉన్నాయి. ఇదుగో, లోపల మీ పేరు కూడా కుట్టీసి ఉన్నాది, ఈ బాబు సదివి సెప్పినాడు."

ఆ బాబు ఓ ఫొటోగ్రాఫరు. అతను అప్పటికే ఫొటోలు తీస్తున్నాడు. ఒక పేద మత్స్యకార మహిళ నిజాయితీ! జనం చప్పట్లు కొట్టారు. కెమెరాలన్నీ మంత్రిగారి వైపు తిరిగాయి. ఆయన నవ్వవలసి వచ్చింది. కాసులమ్మ లోపలికి ఎక్కి, వంగి, చెప్పులు ఆయన కాళ్ల దగ్గర జతగా పెట్టి, కళ్లకద్దుకుని దిగిపోయింది. దిగుతూ మొగుడి వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

తలుపు మూశారు. మంత్రిగారు చెప్పుల వైపు చూశారు, సిద్ధాంతిగారి వైపు చూశారు.

"ఇవాళ శుక్రవారం కదా" అన్నారు సిద్ధాంతిగారు నీరసంగా, కొబ్బరికాయ తీసుకుని కర్టెన్ వెనక్కి వెళ్తూ.

విమానం లేచింది. కాసేపు తిన్నగానే పోతున్నట్టనిపించింది. తర్వాత ఒక రెక్క కిందికి వంగింది. కొండ కనపడి వెనకపడింది. పైడయ్య కిటికీలోంచి చూస్తూ చూస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అతని అరచెయ్యి తాడు ఒరుసుకుని గరుకు తేలింది.

"సముద్రమే బాబూ" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు. నాకు కూడా, ఎందుకు దాచాలి, చాలా ఆనందం వేసింది.

వైర్‌లెస్‌లో మళ్లీ కేకలు మొదలయ్యాయి. ఈసారి అవతలి గొంతు 'మళ్లీ మీరేనా' అన్నట్టుంది.

"హైదరాబాదు వచ్చేసిందా?" అని వీరేంద్రగారు అందరికీ వినపడేలా అడిగారు.

*

విచారణ సంఘం నివేదిక నిష్కర్షగా ఉంది. రేడియో విమానంలో లేదు. అయినా విమానం దారి తప్పింది. కాబట్టి రేడియో నిర్దోషి. మరి అన్ని వస్తువులూ దింపేశాక, ఆఖరి నిమిషంలో విమానం ఎక్కిన కొత్త వస్తువు ఏది? ఒక జత చెప్పులు. కాబట్టి విమానాన్ని సముద్రం వైపు లాగింది చెప్పులే. అవి ఎలక్ట్రానిక్ కావు కదా అన్న సందేహానికి నివేదికలోనే జవాబు ఉంది: సెల్లులు లేని రేడియోకి అంత శక్తి ఉండొచ్చనుకున్నప్పుడు, తోలుని తక్కువ అంచనా వేయరాదు.

మంత్రిగారు నివేదికని హుందాగా స్వీకరించారు. "నా చెప్పులైనా సరే, చట్టం ముందు అందరి చెప్పులూ సమానమే!" అని ప్రకటించారు. చెప్పులని అదే గదిలో, అదే మంచం మీద, అదే దోమతెరలో పెట్టారు. కానిస్టేబుళ్లు ముక్కుకి రుమాలు కట్టుకుని కాపలా కొనసాగించారు. గోస్తనీ వారు విమానం మెట్ల దగ్గర కొత్త బోర్డు పెట్టారు: 'దయచేసి పాదరక్షలు విడిచి ఎక్కగలరు.'

రేడియోల పంపిణీ హార్బర్‌లో పెద్ద సభగా జరిగింది. ఎవరి రేడియో వాళ్లకి మంత్రిగారి చేతుల మీదుగా కానుకగా అందింది. పైడయ్య రేడియోకి ఒక దండ కూడా వేశారు. పైడయ్య లేచి నిలబడి కృతజ్ఞతలు చెప్పాల్సి ఉంది. అతను మైకు దగ్గరికి వెళ్లి, "ఎల్లొత్తాను" అని చెప్పి రేడియో పట్టుకుని దిగిపోయాడు. మొత్తానికి పథకం విజయవంతమైంది.

తర్వాతి వారం నేను హార్బర్‌కి వెళ్లాను. వార్త కోసం కాదు, ఊరికే. ఆకాశం సీసంలా ఉంది. గాలి తిరిగింది. బోట్లన్నీ ఒకదానికొకటి కట్టి ఒడ్డున ఊగుతున్నాయి. ఒక్కటి కూడా వేటకి పోలేదు. పైడయ్య వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన పెట్టె మీద రేడియో పెట్టి ఉంది. గోనె చెమ్మకి గొంతు కొంచెం బొంగురుపోయింది గానీ మాట తెలుస్తోంది. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందనీ, వేటకి వెళ్లినవారు వెంటనే తీరం చేరాలనీ, ఎవరూ సముద్రం మీదికి వెళ్లరాదనీ చెబుతోంది.

కాసులమ్మ గంప బోర్లించుకుని దానిమీద కూచుంది. ఒళ్లో ఇంకో రెండు సెల్లులు చీరకొంగుతో తుడుస్తోంది.

అప్పుడు పైన చప్పుడైంది. అందరం తలెత్తాం. కొండ మీదుగా గోస్తనీ వారి విమానం వస్తోంది. మంత్రిగారు హైదరాబాదు వెళ్తున్నారని ఆ పొద్దున్న నేనే రాశాను. లోపల రేడియోలు లేవు, పేజర్లు లేవు, చెప్పులు కూడా లేవు. అది మా నెత్తిమీంచి సాగి, ఒడ్డు దాటి, నల్లటి మబ్బులోకి, తిన్నగా తూర్పుకి పోతోంది.

పైడయ్య వల వదిలేసి లేచాడు. రేడియో గొంతు పూర్తిగా పెంచి, రెండు చేతులతో ఆకాశం వైపు ఎత్తి పట్టుకున్నాడు. సముద్రం మీదికి ఎవరూ వెళ్లరాదని రేడియో ఇంకోసారి చెప్పింది.

"ఒగ్గీ మావా, సెల్లులు అయిపోతాయి" అంది కాసులమ్మ. "ఈయాల సుక్కురోరం. కాసేపట్లో ఎనక్కి వచ్చీత్తాడు."